సాయవ్వ కూర్చున్న మూడు బంతులు

అన్యాయం జరిగింది భూదవ్వకు. జరిగిన రోజు 2021 మార్చి నాలుగు.

ఆ రోజు ఆమె పోయింది, యాభై ఎనిమిదేళ్ళు నిండడానికి ఇంకా నాలుగు నెలలున్నాయనగా. గౌను తొడుక్కునే వయసులో బీడీల చేట ఒళ్ళోకి వచ్చింది. పాడె ఎక్కే వారం ముందు దాకా దిగలేదు. పింఛను ముందే తీసుకొమ్మని ఎందరో చెప్పారు. "కోత ఎందుకు, యాభై ఎనిమిది నిండనీ, పూర్తిగ తీస్కుంట" అని ఆమె ఆగింది. ఆమె ఆగింది గాని దగ్గు ఆగలేదు. ఆమె పోయిన మూడో నెలలో, ఇరవై ఏళ్ళ కింద ఆమెను వదిలేసి ఇంకొకామెతో కాపురం పెట్టిన మొగుడు మొగులయ్య పెండ్లి ఫొటో పట్టుకుని దిగాడు. చట్టానికి ఫొటో కనబడుతుంది, కాపురం కనబడదు. భార్య పోయిన మగనికిచ్చే పింఛను అతనికి మంజూరైంది. నెలనెలా అది తీసుకుని కల్లు దుకాణానికి పోతాడు. ఆ దుకాణానికి పోయే దారిలోనే భూదవ్వ చెల్లెలు సాయవ్వ ఇల్లు.

ఈ కథ సాయవ్వది.

సాయవ్వ కూడా బీడీలే చేస్తుంది. నిజామాబాద్ జిల్లాలో ఆ చేట ఒళ్ళో లేని ఆడది వెతికితే గాని దొరకదు. ఆమెకు మొన్న యాభై నాలుగు నిండాయి. కంపెనీలో పీఎఫ్ కట్టినవాళ్ళకు సర్కారిచ్చే పింఛను యాభై ఎనిమిదికి మొదలవుతుంది. యాభై దాటినాక ముందే కావాలన్నా ఇస్తారు. కానీ పని మానెయ్యాలి, పైగా ముందు జరిపిన ఒక్కో ఏడాదికి నూటికి నాలుగు కోత. ఆ కోత బతికినన్నాళ్ళూ. ఆగితే సాయవ్వకు నెలకు రెండు వేల నూట యాభై. ఇప్పుడే అంటే పద్దెనిమిది వందల ఆరు. తేడా మూడు వందల నలభై నాలుగు రూపాయలు. అంతకన్నా ఎక్కువ హోటల్లో బల్ల మీద వదిలేసి లేచే పెద్దమనుషులున్నారు. సాయవ్వ ఇంట్లో అది పప్పు, ఉప్పు, నూనె.

దగ్గు వచ్చినప్పుడల్లా ఆమెకు అక్క గుర్తుకొచ్చేది. దగ్గు తగ్గగానే ఆ మూడు వందల నలభై నాలుగు గుర్తుకొచ్చేది. రెండింటి మధ్యా మనసు నలిగి, చేతులు మాత్రం వాటి దారిన అవి ఆకు చుట్టేవి. చివరికి చేతులు కూడా తప్పాయి. కట్టకు ఇరవై ఐదు బీడీలుండాలి. నలభై ఏళ్ళలో ఎన్నడూ లేనిది, ఆమె కట్టల్లో ఒకటి తక్కువ రావడం మొదలైంది. కంపెనీలో సరుకు చూసే మనిషి కట్టలను ఆమె ముందే గంపలోకి విసిరేసి, "ఏం సాయవ్వా, కండ్లు వోయినయా, పైసలెక్కువైనయా?" అన్నాడు. ఆమె వయసులో సగం లేడు వాడు. ఆమె కట్టలు ఏరుకుని వచ్చేసింది.

వాడలో రిటైరైన లెక్కల సారు ఒకాయన ఉన్నాడు. ఆయన్నడిగింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, కూడి, తీసేసి, భాగించి, తల ఎత్తాడు.

"నువ్వు డెబ్బై తొమ్మిది దాటి బతికేటట్టయితే ఆగుడు లాభం. అంతకు ముందే పోయేటట్టయితే ఇప్పుడు తీస్కునుడు లాభం. ఎన్నేండ్లు బతుకుతవో నువ్వు చెప్పు, జవాబు నేను చెప్త."

"అది నాకెరికైతే మీ దగ్గరికెందుకొస్త సారూ?" అంది సాయవ్వ.

లెక్క తప్పని మనుషులతో ఇదే తంటా. లెక్క తప్పదు, మనకు పనికీ రాదు.

కొడుకు గంగాధర్‌కు లెక్కలతో పనిలేదు. కిస్తీల మీద ట్రాలీ ఆటో కొన్నాడు. ఫైనాన్సు వాళ్ళు ఫోను చేసిన రోజు అన్నం ముద్ద మింగడు. "ఇప్పుడే తీస్కో అమ్మా. ఎన్నొద్దులని బీడీలు చేస్తవ్? నీ పానం సుకం చూస్కో. నాకు కిస్తీల బరువు జర తగ్గుతది" అన్నాడు. నీకోసమే అని మొదలుపెట్టి నాకు అని ముగించడం కొడుకులకు ఎవరూ నేర్పనక్కరలేని విద్య. చెడ్డవాడని కాదు. తల్లి దగ్గితే అర్ధాకలి మీద కూడా మందుల దుకాణానికి పరుగెత్తే రకమే. మందుల చిల్లర మాత్రం తిరిగి ఇయ్యడు.

ఇక సాయవ్వకు మిగిలింది గురువవ్వ.

గురువవ్వ పేరు బాలనర్సవ్వ. ఆమెది అచల బోధ. విగ్రహం లేదు, హారతి లేదు. గౌండ్లవాళ్ళు, సాలెవాళ్ళు, బీడీల ఆడవాళ్ళు పున్నమ పున్నమకు ఆమె వాకిట్లో చేరి తత్వాలు పాడుకుంటారు. మునుపు ఆమె భర్త గురువు. ఆయన పోయినప్పుడు ఆడమనిషి ఆ గద్దె మీద కూర్చోవచ్చునా కూడదా అని మగ శిష్యులు ఏడాది పాటు తర్కం చేశారు. వాళ్ళు తర్కం చేస్తుండగా ఆమె కూర్చుంది. ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు చెప్పకుండా ఏదో ఒక పని చెప్పడం ఆమె అలవాటు. పని చేసొచ్చినవాళ్ళు మళ్ళీ అదే ప్రశ్న అడగడం ఎవరూ చూడలేదు.

సాయవ్వ పోయేసరికి ఆమె గడప మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"గురువవ్వా, పింఛను ఇప్పుడే తీస్కోవాల్నా, ఆగాల్నా? దినాం ఇదే రంది. బువ్వ సయిస్తలేదు."

"నీ కొడుకేమంటడు?"

"తీస్కొమ్మంటడు."

"మీ అక్కేమంటది?"

సాయవ్వ ఉలిక్కిపడింది. "అక్క పోయి నాలుగేండ్లాయె గదా, గురువవ్వా."

"పోయినోళ్ళే ఎక్కువ మాట్లాడుతరు. ఏమంటది?"

"ఆగితి, ఆగమైతి, నువ్వు ఆగకు అంటది."

"మరి నువ్వేమంటవ్?"

గురువవ్వ ఇంకో నాలుగు గింజలు తీసింది.

"వచ్చే గురుపున్నమకు ఈడ బువ్వకు మూడు బంతులు లేస్తయి. మొదటి బంతిలనే కూసుంటవో, నడిమి బంతిల కూసుంటవో, కడబంతి దాక ఆగుతవో నీ ఇష్టం. ఏ బంతిలనైనా సరే, కడుపు నిండ తిను. తిన్నంక నన్ను అడుగు."

ఇంతేనా అనుకుంటూ ఇంటికొచ్చింది సాయవ్వ. వచ్చినప్పటినుంచీ కొత్త రంది పట్టుకుంది. పింఛను సంగతి పక్కకు పోయింది. ఏ బంతిలో కూర్చోవాలన్నది గుండెల మీద కూర్చుంది. గురువవ్వ ఊరికే అనదు. మొదటి బంతి అంటే ఇప్పుడే తీసుకొమ్మనా? కడబంతి అంటే ఆగమనా? తప్పు బంతిలో కూర్చుంటే తన బతుకే తప్పిపోతుందన్నట్టు ఆమె కలవరపడింది. కోడలు చూసి, "ఎవరింట్ల పెండ్లి అత్తమ్మా, గింత ఆలోచన జేస్తున్నవ్?" అని నవ్వింది.

గురువవ్వ వాకిట్లో భోజనాలకు ఒక కట్టు ఉంది. విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు బంతి మొత్తం తిని అయ్యేదాకా లేవరాదు. కూర్చున్నవాళ్ళను ఎవరూ లేపరాదు. "ఆకు ముందర కూసున్న మనిషి కోసం యముడైనా బయట నిలవడాలె" అన్నది ఆ గురుపరంపరలో పెద్దల మాట. మగవాళ్ళు ఆ కట్టును చక్కగా పాటిస్తారు. వాళ్ళకు అందులో కష్టమేముంది?

గురుపున్నమ నాడు వంద మంది వచ్చారు. మోదుగు విస్తర్లు పరిచారు. అన్నం, పప్పు, గుత్తివంకాయ, పచ్చిపులుసు, మీద నెయ్యి రాసిన బక్షాలు, అంటే బొబ్బట్లు. గంగాధర్ ఆటోలో బియ్యం బస్తాలు, బిందెలు మోసుకొచ్చాడు. పెండ్లాం రాలేదు, నాలుగేళ్ళ బిడ్డను వెంట తెచ్చాడు.

కడబంతికని ఆగిన అక్క ఏమైందో తలచుకుని సాయవ్వ మొదటి బంతిలోనే కూర్చుంది. గురువవ్వే వచ్చి అన్నం పెట్టి, పప్పు పోసి, బక్షం వేసి, ముందుకు పోయింది. సాయవ్వ రెండు ముద్దలు తిన్నది. మూడో ముద్ద చేతిలో ఉండగా దర్వాజ దగ్గర్నుంచి కేక.

"అమ్మా! ఆటో తాళం ఏడ వెట్టినవ్?"

తాళం ఆమె కొంగుముడిలో ఉంది. కొడుకు పోగొట్టుకుంటాడని ఎప్పుడూ ఆమే ముడేసుకుంటుంది. ఎడమ చేత్తో ముడి విప్పి విసిరితే పోయేది. ఆమె లేచింది.

పక్కన కూర్చున్నామె కొంగు పట్టుకుని లాగింది. "నీకేమన్న పిచ్చా, బంతిలకెళ్ళి లేస్తున్నవ్? గురువవ్వ సూస్తుంది, కూసో."

"ఒక్క నిమిషం అక్కా, ఇగో వస్త."

తాళం ఇచ్చింది. "ఎట్లాగు లేస్తివి గదా, చిన్నదానికింత తినిపియ్యి అమ్మా, నేను నీళ్ళ బిందెలు తెచ్చొస్త" అని కొడుకు పోయాడు. చిన్నది గడప దగ్గర ఒక ముద్ద, వేపచెట్టు కింద ఒక ముద్ద, కుక్కకు ఒక ముద్ద తినిపించుకుంది. సాయవ్వ తిరిగి వచ్చేసరికి బంతి లేచిపోయింది. తిన్నవాళ్ళ విస్తర్లతో పాటు ఆమె విస్తరినీ ఎత్తేశారు.

రెండో బంతికి ఆమె తెలివి తెచ్చుకుంది. చిన్నదాన్ని నిద్రపుచ్చింది. కొడుకు చెరువు దిక్కు పోయాడని రూఢి చేసుకుంది. విస్తరిలో బక్షం పడగానే, ముందు జాగ్రత్తగా దాన్ని మడిచి కొంగులో కట్టుకుంది. తర్వాత నిమ్మళంగా తినొచ్చు. అన్నం కలిపింది. ఈసారి ఎవరూ పిలవలేదు. పిలిచేవాళ్ళు లేరు. కానీ బంతి చివర ఒక ముసలాయన ఖాళీ గ్లాసు పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. నీళ్ళు పోయాల్సిన ఇద్దరు పిల్లలు గోడకానుకుని ఫోను చూసుకుంటున్నారు. సాయవ్వ కళ్ళు విస్తరి మీదికి పోతాయి, గ్లాసు మీదికి పోతాయి. ముద్ద నోట్లో పెట్టుకుంది. ఒక్కసారి దిగ్గున లేచి చెంబు అందుకుంది.

"ఎవరు పిలిచిండ్రే నిన్ను?" గురువవ్వ గద్దె మీంచి అడిగింది.

"ఎవ్వరు పిలువలే గురువవ్వా. నీళ్ళయిపోయినయి."

"నీళ్ళు పిలిచినయా?"

బంతి బంతంతా నవ్వింది. సాయవ్వ కూడా నవ్వింది. నవ్వుతూనే అందరికీ నీళ్ళు పోసింది, ఆపైన మజ్జిగ కూడా పోసింది.

కడబంతిలో వండినవాళ్ళు, వడ్డించినవాళ్ళు, ఆలస్యంగా వచ్చినవాళ్ళు మిగిలారు. వండిన గంజుల అడుగున మాడు అన్నం గీరి పెట్టారు. పప్పు లేదు. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ముక్క కోసం వెతుక్కోవాలి. అయినా సాయవ్వకు సంతోషమే. కొంగులో బక్షం ఉంది కదా. ముడి విప్పి విస్తరిలో పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే గంగాధర్ వచ్చి పక్కన గొంతుకూర్చున్నాడు.

"అదేంది, బక్షమా? నాకు అయిపోయినయన్నరు."

పొద్దున వంటల దగ్గరే అతను నాలుగు తిన్నాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే ఆమె చెయ్యి ముందుకు పోయింది.

"తిను బిడ్డా. నాకు తీపి పడదు."

లోకంలో తల్లులకు తీపి పడకుండా పోయేది విస్తరిలో ఒక్కటే మిగిలినప్పుడు. గంగాధర్ తింటూ లేచిపోయాడు. పచ్చిపులుసు కలిపిన మాడు అన్నం ముందు సాయవ్వ కూర్చుంది. అప్పుడు గురువవ్వ గద్దె దిగి వచ్చి, ఆమె ఎదుట నేల మీద కూర్చుంది.

"మూడు బంతులల్ల కూసున్నవ్. ఏ బంతిల బువ్వ రుచిగుండె?"

"నేనేడ తిన్న, గురువవ్వా?"

"మరి బంతి అడుగుతివేంది?"

సాయవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గురువవ్వ పట్టించుకోలేదు. మాడు అన్నంలోంచి ఒక ముద్ద తనూ తీసుకుని నమిలింది.

"వడ్డించేటోడు మనోడైతే కడబంతి అయినా ఒకటే అంటరు. మనోడంటే ఎవడో మాత్రం ఎవ్వరు చెప్పరు. ఆ పింఛను ఏడ పడుతది?"

"బ్యాంకు ఖాతల."

"కార్డు?"

"గంగాధర్ దగ్గర."

"పైసలు పడ్డయని ఎవరి ఫోన్లకొస్తది?"

"గంగాధర్ ఫోన్లకే."

గురువవ్వ చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయింది.

ఆ మాడు అన్నం సాయవ్వ చివరి మెతుకు దాకా తిన్నది. తింటుంటే, ఇన్నాళ్ళూ తనకు తానే చెప్పుకోని మాట ఒకటి బయటికొచ్చింది. పింఛను కోసం యాభై ఎనిమిది దాకా ఆగాలని ఆమె మనసు ఎందుకు లాగేది? మూడు వందల నలభై నాలుగు కోసం కాదు. రాని డబ్బును ఎవరూ అడగరు. ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ అది ఆమెది. ఖాతాలో పడ్డ క్షణాన అది ఆటోది. కొంగులో బక్షం కట్టుకున్నట్టే ఆమె పింఛనును రాబోయే నాలుగేళ్ళ వెనక దాచుకుంది. అక్క కూడా అట్లాగే దాచుకుందేమో. అక్కది ఎవరి నోటికి పోయిందో ఊరంతా చూస్తూనే ఉంది.

తెల్లారి ఆమె కార్డు అడిగింది.

"నా దగ్గరుంటే ఏమైతదే?" అన్నాడు గంగాధర్. నవ్వుతున్నాడు, ఇంకా ఏమీ అర్థం కాలేదు.

"అది నీ దగ్గరనే పెట్టుకో. నేను ఏరే ఖాతా తీస్త. నా పేరు మీద, నా ఫోను మీద."

నవ్వు ఆగింది. "నీకు ఫోనేడిదే?"

"కొంట. డబ్బా ఫోను."

"ఎవరు నూరి పోసిండ్రమ్మా నీకు? ఆ గురువవ్వనా? నేనేమన్న నీ పైసలు తాగుతున్ననా, పేకాటాడుతున్ననా? నీ కొడుకును నువ్వు నమ్మవా?"

"నిన్ను నమ్ముతున్న బిడ్డా. నన్నే నమ్ముతలేను."

గంగాధర్ ఆ మాటను ఎటు తిప్పి చూసినా తిట్టులా కనబడలేదు. అందుకే ఎక్కువ తగిలినట్టుంది. నాలుగు రోజులు తల్లితో మాట్లాడలేదు. ఐదో రోజు కోడలే, "బ్యాంకుకు ఆధార్ జిరాక్సు కావాలె అత్తమ్మా, మర్చిపోకు" అని గుర్తు చేసింది. ఆమె గొంతులో ఒక విచిత్రమైన ఆసక్తి ఉంది. ఆడవాళ్ళకు కొన్ని సంగతులు దూరం నుంచే అర్థమవుతాయి.

పైనెల పున్నమకు సాయవ్వ అందరికన్నా ముందే వచ్చింది. గురువవ్వ వాకిలి ఊడుస్తోంది. ఏం చేశావని అడగలేదు. సాయవ్వే చెప్పింది.

"ఖాతా తీసిన గురువవ్వా. జూలై ఇరవై ఎనిమిది, సోమారం. ఐదు వందలు ఏసిన. కార్డు నా దగ్గరనే ఉన్నది."

"కొడుకు?"

"కిస్తీకి ఎయ్యి అడిగిండు. ఐదు వందలిస్త అన్న. అలిగిండు. మల్ల తీస్కున్నడు."

గురువవ్వ చీపురు ఆపింది. "పింఛను దరఖాస్తు?"

"పెట్టలే. ఇంక ఏం అనుకోలే. దగ్గొస్తె భయమైతుంది. కోత తలుసుకుంటె భయమైతుంది. రంది ఏడికి వోలే గురువవ్వా." కొంచెం ఆగి అంది: "కని ఇప్పుడు భయమైతే నా కోసమే భయమైతుంది."

గురువవ్వ చీపురు గోడకు ఆనించి, గడప మీద కూర్చుని, పక్కన చోటు చూపించింది.

"ఆ, ఇగ అడుగు బిడ్డా, పింఛను ఎప్పుడని."